కారు వెనక కాల్‌సైన్

రువైస్‌లో కొన్నాళ్లపాటు మా ఆవిడ మోకాలు నాకంటే ప్రసిద్ధం. అతిశయోక్తి అనుకోకండి. ఉద్యోగమంతా మీటరు చూసి అంకె రాసుకున్నవాణ్ణి, అతిశయోక్తికి నాకెవరూ జీతం ఇవ్వలేదు. ఆ మోకాలికి అంత పేరెలా వచ్చిందో, దానివల్ల మా క్లబ్బులో ఒకావిడ ఉద్యోగం ఎలా నిలబడిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. రేడియో అంటే పాటలు వచ్చే పెట్టె అనుకునే పిల్లలకు రెండు ముక్కలు ముందు చెప్పాలి. ఓపిక పట్టండి.

ఎనభైల మొదట్లో మాట. రువైస్ అంటే అబుదాబికి పడమట, ఎడారిలో చమురు శుద్ధి చేసే ఊరు. ఒక పక్క సముద్రం, మూడు పక్కలా ఇసుక, మధ్యలో కంపెనీ. ఇల్లు కంపెనీది, మంచం కంపెనీది, ఇంటి ముందు మొక్క కూడా కంపెనీదే. నేను రేడియో సెక్షన్‌లో ఇంజనీరుని. గేటు కాపలావాళ్ల వాకీటాకీల దగ్గర్నుంచి టవరు మీది పెట్టెల వరకూ మా పని. పని బాగా జరిగిన రోజున మేం ఉన్నామన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. అందరూ మమ్మల్ని తలుచుకుంటున్నారంటే ఏదో కాలిపోయిందన్నమాట.

డ్యూటీ దిగాక కూడా రేడియోనే. దాన్ని హామ్ రేడియో అంటారు. పరీక్ష రాసి, సర్కారు దగ్గర అనుమతి తెచ్చుకుని, సొంత సెట్టు పెట్టుకుని తోటి పిచ్చివాళ్లతో మాట్లాడుకోవడం. ఒక్కొక్కరికి నాలుగైదు అక్షరాలూ అంకెలూ కలిపి ఒక పిలుపు ఇస్తారు. అదే కాల్‌సైన్. గాలిలో మీ పేరు అదే. మాట మొదట్లో చెప్పాలి, చివర చెప్పాలి, మధ్యమధ్యలో చెప్పాలి. చెప్పకపోతే నియమం తప్పినట్టు. ఇంట్లో మా ఆవిడ నన్ను పేరు పెట్టి పిలవదు కాబట్టి, రోజు మొత్తంలో నన్ను నేను పిలుచుకునేది ఆ కాస్సేపే.

మా ముదీర్, అంటే పై అధికారి, ఇంగ్లండువాడు, మాకంటే పెద్ద పిచ్చివాడు. ఆయన చొరవతోనే కంపెనీలో క్లబ్బు పెట్టుకున్నాం. టవరు మీద ఒక పెట్టె బిగించుకున్నాం. కారులోంచి చిన్న సెట్టుతో మాట్లాడితే ఆ పెట్టె అందుకుని, బలం పోసి, అబుదాబి రోడ్డు మీద చాలా దూరం వినిపించేది.

క్లబ్బులో తెలుగువాళ్లం ఇద్దరం. రెండో ఆవిడ కంపెనీ ఆసుపత్రిలో నర్సు. కోనసీమ మనిషి. ఊళ్లో తుఫానుకి తీగలన్నీ తెగిపోయినప్పుడు ఎవరో హామ్‌లు వచ్చి ఒక బ్యాటరీతో బయటి లోకాన్ని పిలవడం చూసిందట. ఆ తరువాత పట్టుబట్టి పరీక్ష రాసింది. నన్ను 'మాస్టారూ' అనేది. నేను ఆవిడకు నేర్పిందేమీ లేదు. పిలిస్తే కాదనలేదు, అంతే. సాయంత్రాలు మేమిద్దరం గాలిలో తెలుగులో మాట్లాడుకునేవాళ్లం. గోంగూర దొరకని బాధ, మా ఆవిడ మోకాలి నొప్పికి ఏ నూనె రాయాలి, మావాడికి లెక్కల్లో మార్కులెందుకు రావు, ఇలాంటి అంతర్జాతీయ విషయాలు.

ఇంతలో సెక్యూరిటీవాళ్లకు ఒక అనుమానం వచ్చింది. కంపెనీ బళ్లన్నిటికీ ఏంటెనాలే. క్లబ్బువాళ్ల సొంత కార్లకూ ఏంటెనాలే. ఇందులో ఏది కంపెనీ పని, ఏది అనుమతి ఉన్న సరదా, ఏది అనుమతి లేని వ్యవహారం? గేటు దగ్గర కాపలావాడు ఎలా తెలుసుకోవాలి? ప్రశ్న సబబే. జవాబు మా ముదీర్ ఇచ్చాడు. అమెరికాలో హామ్‌లు కాల్‌సైన్‌నే కారు నెంబరుగా వేసుకుంటారట. మనకు అది కుదరదు కాబట్టి నెంబరు ప్లేటు కింద రెండో రేకు బిగించుకుందాం, దాని మీద కాల్‌సైన్ పెద్ద అక్షరాల్లో. కాపలావాడికి గుర్తు, మనకు గౌరవం. సెక్యూరిటీ ఒప్పుకుంది. రేకు లేని కారులో రేడియో ఉండకూడదని సర్క్యులర్ వచ్చింది.

రేకులు మా వర్క్‌షాపులోనే చెక్కించాం. తెల్ల రేకు, నల్ల అక్షరాలు. మొదట ముదీర్ బిగించుకున్నాడు, రెండోవాణ్ణి నేను. బిగించాక కారు వెనక నిలబడి చాలాసేపు చూసుకున్నాను. కాలేజీలో బంగారు పతకం తృటిలో తప్పినవాడికి ఇలాంటివి అవసరం.

నర్సమ్మ తన రేకు తీసుకుంది, బిగించలేదు. అడిగాను.

"వద్దండి మాస్టారూ."

"ఏం, అక్షరాలు వంకరగా వచ్చాయా?"

"బానే వచ్చాయండి. అందుకే వద్దంటన్నాను. దూరం నించి కూడా చదూకోవచ్చు."

"చదవడానికేగా చెక్కించింది! నలుగురూ చూస్తారు, పలకరిస్తారు."

"పలకరిస్తారనే కదండీ బాధ. మీకు పలకరింపు. నాకూ అదే అవుద్దంటారా?" అని ఆవిడ రేకును బ్యాగులో పెట్టుకుంది. "రేడియోలో నేను ఒట్టి గొంతునండి. ఎవడైనా విన్నా, ఎక్కడుంటానో, ఏ డ్యూటీ చేస్తానో తెలీదు. కారుకి ఈ ముక్క తగిలిస్తే గొంతుకి ఇల్లొచ్చేస్తది. ఆడపిల్లలు పట్టుమని పదిమంది లేని ఊరండి ఇది."

"ఎవరైనా వేషాలేస్తే కంపెనీ ఊరుకుంటుందా?"

"ఊరుకోదండి. పోయినేడు ఒకడు మా ఫ్లాటు దాకా వెంటపడితే, ఊరుకోలేదు. ఆ అమ్మాయికి టిక్కెట్టు కొనిచ్చి ఇంటికి పంపేశారు. నీ మంచికేనమ్మా అన్నారు. ఏడుస్తా ఎల్లిందండి."

ఆ అమ్మాయి వెళ్లిపోయిందని తెలుసు. ఎందుకెళ్లిందో తెలియదు.

"పోనీ, రేడియో తీసేద్దాం" అన్నాను.

"తీసేస్తే అబుదాబి ఎలా వెళ్లమంటారండి?"

అదీ అసలు చిక్కు. ఆవిడ చెల్లెలు అబుదాబిలో ఒకరింట్లో పని చేసేది. శుక్రవారం మధ్యాహ్నం కాస్సేపు బయటికి వదిలేవారు. అక్క వస్తే మాట్లాడేది, రాకపోతే గేటు దగ్గర నిలబడి రోడ్డు చూసేది. అందుకని నర్సమ్మ వారం వారం ఆ ఎడారి రోడ్డు మీద తన తెల్ల కారులో ఒక్కతే వెళ్లేది. ఒకసారి దారి మధ్యలో ఫ్యాన్ బెల్టు తెగింది. కనుచూపు మేరలో ఒంటె తప్ప సహాయం లేదు. రేడియోలో పిలిస్తే నేను విని మనిషిని పంపాను. రేడియో ఉంటే రేకు ఉండాలి, రేకు వద్దంటే రేడియో వదులుకోవాలి. వదులుకుంటే ఆ రోడ్డు లేదు, చెల్లెలు లేదు.

"ముదీర్‌తో మాట్లాడతాను" అన్నాను.

"నా పేరు చెప్పకండి మాస్టారూ, దండం పెడతాను. ఆడమనిషి భయపడతందని తెలిస్తే, భయం లేకుండా చేసే మార్గం వాళ్లకి ఒక్కటే తెలుసండి. విమానం."

మనసులో మాట చెప్పాలంటే, ఆవిడది మరీ అతిజాగ్రత్త అనుకున్నాను. ఆ అభిప్రాయం మర్నాటి సాయంత్రం దాకా ఉంది.

లేబరు క్యాంపు దారిలో ఒక బకాలా ఉండేది. బకాలా అంటే గుడ్ల నుంచి గొడుగుల వరకూ అమ్మే చిల్లర కొట్టు. పక్కనే పెట్రోలు బంకు, ముందు ఒక బెంచీ, టీ. బ్రెడ్డు కొని బయటికొచ్చేసరికి నా కారు వెనక నలుగురు నిలబడి రేకు చదువుతున్నారు. అందులో పెద్దాయన, జగిత్యాల వైపు మనిషి, పరంజాలు కట్టే మేస్త్రీ, చేతులు జోడించాడు.

"నమస్తె సార్. అమ్మకు మోకాలు నొప్పి తక్కువైందా?"

ఆయన్ని నేను అంతకు ముందెన్నడూ చూడలేదు.

"ఎవరి మోకాలు?" అన్నాను.

"గదే సార్, మీ ఇంట్ల అమ్మది. ఆముదం రాస్తున్నమని చెప్పలే మొన్న? ఆముదం వద్దు సార్, నువ్వుల నూనె కాచి పెట్టుండ్రి."

పక్కవాడు అందుకున్నాడు. "పిలగానికి లెక్కల్ల ఎన్నొచ్చినయ్ సార్ ఈపాలి?"

బెంచీ మీద ఒక పెద్ద రేడియో ఉంది. అప్పుడు అర్థమైంది. సెలవుకి వెళ్లేటప్పుడు ఊరికి పట్టుకెళదామని దుబాయ్‌లో కొనే ఆ పెద్ద సెట్లలో మామూలు బ్యాండ్లతో పాటు విమానాలవీ పోలీసులవీ కూడా వినపడేవి. మేం మాట్లాడుకునే చోటు వాటి మధ్యనే ఉంది. రేడియో ఇంజనీరుగా ఆ సంగతి నాకు తెలుసు. క్యాంపులో సాయంత్రాలు తెలుగు మాట కోసం ముల్లు తిప్పుతూ కూర్చునేవాళ్లు ఉంటారన్నదే తట్టలేదు. ఏ స్టేషనూ పంపని తెలుగు కార్యక్రమం మేమిద్దరం ఉచితంగా పంపుతున్నాం. నా కాల్‌సైన్ వాళ్లకు నోటికి వచ్చు. పిలుపు ఉంది, గొంతు ఉంది, మనిషే దొరకలేదు. నిన్న రేకు బిగించాను, ఇవాళ దొరికాను.

నవ్వాను. బాగానే అనిపించింది కూడా. పరదేశంలో ఆముదం గురించి ఆలోచించేవాడు ఊరికే దొరకడు.

అప్పుడు మేస్త్రీ అడిగాడు. "సార్, ఇంగో ఆమె మాట్లాడ్తది గదా, గోదారి మాట. గామె కారు ఏది సార్?"

"ఎందుకు?"

"ఊకెనె సార్. దవాఖాన్ల పని జేస్తదట గదా. మా ఇంటిదాని తలనొప్పికి గోలీ పేరేందో అడుగుదామని."

ఆయన మొహం చూస్తే నిజమే చెబుతున్నాడని తెలిసింది. ఆయన వెనక ఒకడు మాత్రం పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి నవ్వాడు. ఆ నవ్వు దేనికో నాకు తెలియదు, మంచిదే అయ్యుండవచ్చు. కానీ రేకు అందరికీ ఒకేలా కనిపిస్తుంది, అడిగేవాడి మొహం చూసి అక్షరాలు దాచుకోదు.

"ఆవిడా? ఆవిడ ఈ ఊళ్లోనే ఉండదు. ఎక్కడో అబుదాబి నుంచి మాట్లాడుతుంది" అన్నాను. అప్రైజల్ కాగితాల్లో తప్ప అంత నిబ్బరంగా నేనెప్పుడూ అబద్ధం ఆడలేదు. గోలీ సంగతి నేనే కనుక్కుని చెబుతానన్నాను, చెప్పాను కూడా.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. కత్తిపీట మీద నుంచి లేవకుండానే అంది: "ఏమండీ, మోకాలు నాది, మాట మీది. క్యాంపంతా నూనె గురించి చర్చిస్తున్నారంటే ఇంకేమేం చెప్పారు నా గురించి?" నేను చెప్పినవి గుర్తు చేసుకోవడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేశాను. సంసారానికి అంత నిజాయితీ పనికిరాదు.

మర్నాడు ముదీర్ దగ్గరికి వెళ్లాను. రేకుల వల్ల మన గుట్టు రోడ్డున పడుతోందన్నాను. ఆయన పడీ పడీ నవ్వాడు.

"కాల్‌సైన్ రహస్యమా? రోజూ మనమే అరిచి చెప్పుకుంటాం. ఈ ఎడారిలో దాన్ని ఎవడు చదువుతాడు? ఒంటెలా?"

వాదించి లాభం లేదు. వాదనలో ఇంగ్లీషు ఆయనది, ఆఫీసు ఆయనది. పైగా వాదన పెరిగితే 'ఎవరికి ఇబ్బంది?' అని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్న ఆయన నోట రాకూడదు. అందుకని, "బకాలా దగ్గర టీ బావుంటుంది, సాయంత్రం రండి. మీ కారులో వెళదాం" అన్నాను.

ఆయనకు గాలిలో కబుర్లంటే ప్రాణం. అబుదాబి దారిలో ఉండే ఒక స్నేహితుడితో రోజూ మాట్లాడేవాడు. ఏం మాట్లాడతాడో నేనూ వినేవాణ్ణి. క్యాంపులో మా తెలుగు తరువాత వాళ్లు రేడియో కట్టేస్తారా, వింటారా అన్నదే నేను తేల్చుకోవలసింది. నా నమ్మకం, వింటారని; ఇంగ్లీషు వచ్చినవాడు ఒకడుంటే మిగతావాళ్లకు చెబుతాడు. వేరే కాలక్షేపం ఏముంది కనక?

ఆయన కారు ఆగింది. రేకు తళతళలాడుతోంది. టీ గ్లాసులు చేతికొచ్చే లోపలే మేస్త్రీ దండు దిగింది.

"సలామ్ సాబ్! కుత్తా ఠీక్ హో గయా?"

ముదీర్‌కు హిందీ ముక్కలు తెలుసు. "కుక్కా? ఆ, తగ్గింది, తగ్గింది" అన్నాడు. మొహం వెలిగిపోయింది.

"మేమ్‌సాబ్ కా కేక్ ఫిర్ జల్ గయా?" అన్నాడు ఇంకొకడు. దొరసాని కేకు మళ్లీ మాడిందా అని అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

"చూశావా?" అన్నాడు నాతో. "ఎంత అభిమానమో! దీన్నా నువ్వు వద్దన్నది?"

నేను టీ తాగుతున్నాను. కొన్ని సమయాల్లో ఇంజనీరు చేయగలిగిన ఉత్తమమైన పని టీ తాగడం.

మేస్త్రీ కాస్త దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, నావైపు తిరిగి తెలుగులో అన్నాడు. "సార్, సాబ్‌కు జర మీరు చెప్పుండ్రి. వచ్చే వారం లండన్ పోతున్నరు గదా. తాళంచెవి పూలకుండి కింద పెట్టి పోవద్దని చెప్పుండ్రి. అందరూ మంచోళ్లుండరు."

చెప్పాను. పదం పొల్లుపోకుండా చెప్పాను.

ముదీర్ గ్లాసు బెంచీ మీద పెట్టాడు. పక్కింటివాళ్లు మొక్కలకు నీళ్లు పోయడానికి తాళం ఎక్కడ పెడుతున్నాడో రెండు రోజుల కిందట స్నేహితుడికి చెప్పిన సంగతి ఆయనకు గుర్తొచ్చినట్టుంది.

"ఏ కుండీ అని చెప్పాను?" అన్నాడు నెమ్మదిగా, ఎవరినీ ఉద్దేశించకుండా.

"లాల్ ఫూల్ వాలా, సాబ్!" ఎర్రపూల కుండీ అని బెంచీ మీద ఉన్నవాళ్లంతా ఒకేసారి అన్నారు. సహాయం చేయాలన్న ఆత్రం తప్ప వాళ్ల మొహాల్లో ఇంకేమీ లేదు.

తిరుగు దారిలో, "మా ఇల్లు ఏదో వాళ్లకు తెలియదు కదా" అన్నాడు.

"రోజూ సాయంత్రం దాని ముందు మీ రేకు ఉంటుంది కదా సార్" అన్నాను. "కుండీ సంగతి రేడియో చెప్పింది. మిగతాది కారు చెబుతుంది."

ఆ సాయంత్రం ఆయన వాకిట్లో ఆయనే స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చోవడం నేను కళ్లారా చూశాను. కుండీ కూడా చోటు మారింది.

మిగిలింది సెక్యూరిటీ. ఆ విభాగం అధిపతి అబుదాబి అరబ్బు. ఆయన ఏ విషయమైనా మూడో ఫింజాన్ కాఫీ తరువాతే వినేవాడు. మేమిద్దరం వెళ్లాం. ముదీర్ ఈసారి తన సొంత కుండీ గురించి చెప్పాడు, చాలా ఆవేశంగా. ఇంకెవరి పేరూ రాలేదు. అవసరం పడలేదు. పెద్ద అధికారి ఇంటి తాళంచెవి ప్రమాదంలో ఉందంటే ఏ కంపెనీలోనైనా పనులు చకచకా అవుతాయి.

ఆయన అంతా విని, కాఫీ చిన్న కప్పును వేళ్ల మధ్య ఊపి, ఇక చాలని సైగ చేశాడు. "మా ఇళ్లకు గోడలు ఎందుకు ఎత్తుగా కడతాం? లోపల తప్పుడు పని జరుగుతోందనా? లోపల ఇల్లు ఉంది కనక. కారులో ఎవరున్నారో గేటు దగ్గర నా మనిషికి తెలియాలి. రోడ్డుకెందుకు? రేకులు తీసేయండి. ఫొటో ఉన్న కార్డు ఇస్తాను, అడిగినప్పుడు చూపించండి. ఖలాస్."

అంతే. వారాల తరబడి మేం చెక్కించిన రేకులు ఆ ఒక్క మాటతో పోయాయి. నా రేకు విప్పుతుంటే కొంచెం కష్టంగానే అనిపించింది. దాచలేను, అబద్ధాలు చెప్పే వయసు దాటింది.

నర్సమ్మకు కార్డు ఇస్తూ విషయం చెప్పాను. ఆవిడ మొత్తం విని, "నా పేరు రాలేదా అండీ?" అంది.

"రాలేదమ్మా. పూలకుండీ పేరు వచ్చింది."

"ఆయ్" అంది. కార్డు పర్సులో పెట్టుకుని డ్యూటీకి వెళ్లిపోయింది. కృతజ్ఞతలు చెప్పడంలో కోనసీమవాళ్లు ఇంతకంటే పొదుపు చేయగా నేను చూడలేదు.

ఆ తరువాత గాలిలో మా మాట మారింది. ఇంటి సంగతులు క్రమంగా మానేశాం. వంటలు, వాతావరణం, సామెతలు, పొడుపు కథలు. బకాలా దగ్గర మేస్త్రీ నిష్టూరంగా అన్నాడు కూడా. "ఈ మద్దెన మీ ప్రోగ్రాం సప్పగైంది సార్." ఏం చేస్తాం! శ్రోతల అభిరుచి ఒకటి, మా ఆవిడ అభిప్రాయం ఒకటి.

ఇప్పటి పిల్లలకు ఇదంతా వింతగా ఉండవచ్చు. మీరు ఏ హోటల్లో ఏం తిన్నారో ఫొటోతో సహా చెబుతున్నారు, ఇంకా చెప్పని తాళంచెవి లేదు. తప్పనను. గొంతు వినిపించడం సరదా, నాకూ తెలుసు. గొంతు దగ్గర్నుంచి వాకిలి దాకా దారి గీసి ఇవ్వాలా అన్నది మాత్రం గీసే ముందు ఒకసారి చూసుకోండి. మీకు పలకరింపైనది అందరికీ పలకరింపు కాదని నాకు ఒకరు చెబితే తెలిసింది.

కార్డులు వచ్చాక మొదటి శుక్రవారం. పొద్దు వాలుతుండగా నేను బకాలా ముందు కారు ఆపి, లోపల సెట్టు పెట్టుకుని కూర్చున్నాను. బెంచీ చుట్టూ క్యాంపు జనం, మధ్యలో వాళ్ల రేడియో. అబుదాబి వైపు నుంచి ఆవిడ గొంతు వచ్చింది. "వింటన్నారా మాస్టారూ? దారంతా ఇసుక గాలండి. చెల్లి బావుంది. పచ్చడి ఇచ్చొచ్చాను." నేను విన్నానని చెప్పాను. నా గొంతు కారులోంచి ఒకసారి, బెంచీ మీంచి ఒకసారి వినపడింది.

"ఆమె పైలంగ పోతున్నది" అన్నాడు మేస్త్రీ తనవాళ్లతో, ఇంటి మనిషి గురించి చెప్పినట్టు.

కొంచెం సేపటికి, అలాంటివే ఇంకో ఇరవై ఉండే ఒక తెల్ల కారు బంకులోకి వచ్చింది. ఒకావిడ దిగి, పెట్రోలు పోయమని సైగ చేసి, బెంచీ పక్కనుంచే బకాలాలోకి నడిచింది. వాళ్లు దారికి కాళ్లు తీశారు, తలెత్తలేదు. ఆవిడ గుడ్లు, బ్రెడ్డు తీసుకుని బయటికొస్తుంటే చేతిలోని ప్లాస్టిక్ కవరు గరగరలాడింది.

మేస్త్రీ ఒక చెయ్యి రేడియో మీద వేసి, రెండో చేత్తో ఆవిడకు ఆగమని చూపించాడు. "మేడం, జర ఆవాజ్ మత్ కరో," అన్నాడు మర్యాదగానే, చప్పుడు చేయొద్దని. "హమారా దీదీ బాత్ కరేగా అభీ." వాళ్ల అక్క ఇప్పుడు మాట్లాడబోతోందట.

ఆవిడ ఆగింది. నోరు విప్పలేదు. సరేనన్నట్టు తల ఊపి, కవరును రెండు చేతులా ఛాతీకి అదుముకుని, చప్పుడు కాకుండా నడుచుకుంటూ తన కారు దగ్గరికి వెళ్లిపోయింది. వాళ్లు రేడియో వైపే వంగి కూర్చుని, ఆవిడ మాట కోసం ఎదురుచూస్తున్నారు.